సౌండ్ కార్డు ఇచ్చే స్క్వేర్ వేవ్‌లో అలలు: తప్పు యాంప్లిఫయర్‌దా, కార్డుదా?

పెరంబూరు వాల్వు (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం.

మా మేనమామ చెన్నైలో, పెరంబూరు ప్రాంతంలో, చాలా కాలం పెళ్ళిళ్ళకూ గుడి ఉత్సవాలకూ సౌండ్ సర్వీసు నడిపారు. ఆయన వాడిన వాల్వు యాంప్లిఫయర్ ఒకటి ఇరవై ఏళ్ళకు పైగా అటక మీదే ఉండిపోయి, ఈమధ్య ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నా చేతికి వచ్చింది. అందులో ముందు ఒక ఈసీసీ83, చివర పుష్‌పుల్‌గా రెండు ఈఎల్84 వాల్వులు, వాటి వెనుక బరువైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మార్చి, ఓల్టేజీని మెల్లగా పెంచుకుంటూ ఆన్ చేశాను. పాడుతోంది గానీ పాట పలచగా ఉంది. కచేరీ రికార్డు పెడితే గాత్రమూ వయొలినూ శుభ్రంగా వినబడుతున్నాయి, మృదంగంలో తొప్పి (ఎడమ వైపు మంద్రంగా పలికే ముఖం) మోత మాత్రం దాదాపు లేదు.

లోపం ఏ దశలో ఉందో వెతకడానికి సిగ్నల్ జనరేటర్ కావాలి. ఒక్క యాంప్లిఫయర్ కోసం దాన్ని కొనడానికి మనసొప్పక, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచే, అంటే దాని సౌండ్ కార్డు నుంచే, సంకేతం తీసుకుందామనుకున్నాను. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ (నిటారుగా పైకీ కిందికీ మారే చదరపు తరంగం) తయారు చేసి, అమ్‌ప్లిట్యూడ్ (తరంగం ఎత్తు) పూర్తిగా 1 పెట్టి, యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు ఇచ్చాను. స్పీకరు స్థానంలో 8 ఓంల, 20 వాట్ల వైరువుండ్ రెసిస్టర్ పెట్టి, దాని కొసల దగ్గర చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్న చిన్న చేతి స్కోపుతో (తరంగాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోపు) చూశాను.

తెర మీద కనిపించినది నన్ను కలవరపెట్టింది. తరంగం ప్రతి అంచు దగ్గరా సన్నటి అలలు లేస్తున్నాయి. మొదటి అల, అంచు మొత్తం ఎత్తులో పదో వంతు దాకా ఉంది. దానికి తోడు అంచులు నిలకడగా నిలబడక, కుడికీ ఎడమకూ వణుకుతున్నట్టు ఉన్నాయి. పైభాగం కూడా కొంచెం వాలుగా ఉంది గానీ దాన్ని నేను అంతగా పట్టించుకోలేదు. స్క్వేర్ వేవ్‌లో అలలు వస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చెడిందనో, నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు సరిదిద్దే ఏర్పాటు) అదుపు తప్పిందనో అర్థమని చదివాను. ఇప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్ళీ చుట్టించాలంటే చుట్టేవారి కోసం ఊరంతా తిరగాలి. అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను: ఇది నిజంగా ట్రాన్స్‌ఫార్మర్ లోపమేనా?

ఇంకో రెండు చిన్న సందేహాలు ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు ఛార్జరు తగిలించగానే స్పీకరులో బొయ్యిమని హమ్మింగ్ మొదలవుతోంది, తీసేస్తే పోతోంది, ఇది ప్రమాదకరమా? అలాగే నా దగ్గర ఒక పాత మీడియం వేవ్ రేడియో ఉంది, దాని 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (రేడియో లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్లను కూడా ఇదే సౌండ్ కార్డుతో సరిచేసుకోవచ్చా?

సైన్‌వేవ్

నమస్కారమండీ. ముందు ట్రాన్స్‌ఫార్మర్ జోలికి వెళ్ళకండి. మీరు వర్ణించిన అలలు యాంప్లిఫయర్‌వి కావని, సౌండ్ కార్డు పుట్టించినవేనని నాకు గట్టి అనుమానం. నా మాట నమ్మాల్సిన పని లేదు, ఒక్క తీగతో మీరే తేల్చుకోవచ్చు. యాంప్లిఫయర్‌ను పక్కన పెట్టి, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వచ్చే తీగను నేరుగా స్కోపుకు తగిలించి చూడండి. అక్కడ కూడా అవే అలలు ఉంటే మీ ట్రాన్స్‌ఫార్మర్ నిర్దోషి. ఏ పరీక్షకైనా ముందు, పరీక్షించే పరికరాన్ని పరీక్షించాలి. నేను కూడా ఈ పని చేయకుండా ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నవాణ్ణే.

కారణం చెబుతాను. స్క్వేర్ వేవ్ అనేది ఒకే ఫ్రీక్వెన్సీ కాదు. 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్‌లో 1, 3, 5, 7 కిలోహెర్ట్జ్ ఇలా బేసి హార్మోనిక్‌లు అంతు లేకుండా ఉంటాయి, వాటి ఎత్తు మూడో వంతు, ఐదో వంతు, ఏడో వంతుగా తగ్గుతూ పోతుంది. అంచు నిటారుగా నిలబడాలంటే అవన్నీ కావాలి. కానీ సౌండ్ కార్డు తన శాంప్లింగ్ రేటులో (సెకనుకు ఇచ్చే శాంపిళ్ళ సంఖ్య) సగం దాటిన ఫ్రీక్వెన్సీని ఇవ్వలేదు. హ్యారీ నైక్విస్ట్ అనే ఇంజినీరు 1928లోనే చూపిన హద్దు ఇది. 48 కిలోహెర్ట్జ్ రేటులో ఆ హద్దు 24 కిలోహెర్ట్జ్ కాబట్టి మీ తరంగంలో మిగిలేవి 1 నుంచి 23 కిలోహెర్ట్జ్ దాకా పన్నెండు హార్మోనిక్‌లు మాత్రమే. కార్డులోని ఫిల్టరు ఆ పైవాటిని కత్తితో కోసినట్టు తీసేస్తుంది. అలా కోసిన స్క్వేర్ వేవ్‌కు అంచుల దగ్గర అలలు తప్పవు. ఎన్ని హార్మోనిక్‌లు కలిపినా మొదటి అల ఎత్తు, అంచు మొత్తం ఎత్తులో సుమారు 9 శాతం దగ్గరే నిలుస్తుంది. గణితంలో దీన్ని గిబ్స్ దృగ్విషయం అంటారు. మీరు చెప్పిన పదో వంతు సరిగ్గా అదే.

స్కోపు ముందు కూర్చున్నప్పుడు ఇంకో గుర్తు కూడా చూడండి. అలలు అంచు తరువాత మాత్రమే ఉన్నాయా, లేక అంచుకు ముందు కూడా ఉన్నాయా? ట్రాన్స్‌ఫార్మర్ మోగితే అది దెబ్బ తగిలిన గంటలాంటిది, దెబ్బకు ముందు మోగడం దానికి చేతకాదు. అంచు రాకముందే అలలు మొదలైతే అవి డిజిటల్ ఫిల్టరువే అయి ఉండాలి, ఎందుకంటే రాబోయే శాంపిళ్ళు ఏమిటో ఆ ఫిల్టరుకు ముందే తెలుసు. కొన్ని కార్డుల్లో ఫిల్టరు వేరే రకంగా ఉండి ముందు అలలు రాకపోవచ్చు. అప్పుడు శాంప్లింగ్ రేటును 48 నుంచి 96 కిలోహెర్ట్జ్‌కు మార్చి, ఆ రేటులోనే తరంగాన్ని మళ్ళీ తయారు చేసి చూడండి: అలలు సన్నబడి అంచుకు దగ్గరగా జరిగితే అవి కార్డువి, ఉన్నచోటే అదే వెడల్పుతో ఉంటే యాంప్లిఫయర్‌వి.

వణుకు సంగతి వేరు. ఆడాసిటీ మామూలుగా 44,100 రేటులో తెరుచుకుంటుంది. 44,100ను 1000తో భాగిస్తే 44.1 వస్తుంది, అంటే ఒక ఆవర్తానికి పూర్ణసంఖ్యలో శాంపిళ్ళు లేవు. పైకీ కిందికీ మారే చోటు ఒక్కో ఆవర్తంలో ఒక్కో శాంపిల్ మీద పడుతుంది కాబట్టి అంచు 22.7 మైక్రోసెకండ్ల మేర అటూ ఇటూ దూకుతుంది. 48,000 రేటు పెడితే ఒక ఆవర్తానికి సరిగ్గా 48 శాంపిళ్ళు, 24 పైన, 24 కింద, వణుకు ఆగిపోతుంది. 44,100లోనే ఉండాలనుకుంటే ఆడాసిటీ తరంగాల జాబితాలో ‘స్క్వేర్, నో ఏలియాస్’ అని విడిగా ఉన్నది ఎంచుకోండి. అమ్‌ప్లిట్యూడ్‌ను కూడా 1 దగ్గర ఉంచకండి. శాంపిళ్ళే గరిష్ఠ స్థాయిలో ఉంటే వాటి మీద లేచే అలకు కార్డులో చోటు ఉండదు, తల తెగిపోతుంది. 0.5 చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు పట్టించుకోలేదని ఒక్క వాక్యంలో దాటేసిన ఆ వాలు ఉందే, నాకు దాని మీదే అనుమానం. 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పైభాగం కంటికి కనిపించేంత వాలుగా ఉందంటే తక్కువ ఫ్రీక్వెన్సీలు ఎక్కడో పోతున్నాయని అర్థం, మీ తొప్పి మోత కూడా అక్కడే పోయింది. నేరుగా స్కోపుకు తగిలించినప్పుడు ఆ వాలు ఉందో లేదో చూసి, యాంప్లిఫయర్ తరువాత ఎడమ అంచు ఎత్తు ఎంత, కుడి అంచు చేరేసరికి ఎంత మిగిలిందో గీతలు లెక్కపెట్టి చెప్పండి.

కాలిన సాకెట్

పైవారు చెప్పిన దానికి అడ్డు చెప్పను. ఛార్జరు సందేహానికి జవాబు ఇస్తూ, అడగని సంగతి కూడా ఒకటి చెబుతాను, ఎందుకంటే అది నాకు ఒక ల్యాప్‌టాప్ ఖరీదు చేసిన పాఠం.

హమ్మింగ్ దానంతట అది ప్రమాదం కాదు. మూడు పిన్నుల ఛార్జరు అయితే దాని ఎర్త్ ఒక దారి, యాంప్లిఫయర్ ఎర్త్ ఇంకో దారి, ఆ రెండూ మీ ఆడియో తీగ తొడుగు ద్వారా కలిసి ఒక వలయం అవుతుంది. అందులో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటే మీకు వినబడుతోంది. రెండు పిన్నుల ఛార్జరు అయితే దానిలోని చిన్న కెపాసిటర్ల గుండా మెయిన్స్ కొద్దిగా కారి ల్యాప్‌టాప్ ఒంటికి చేరుతుంది, చేత్తో నిమిరితే జిల్లుమనేది అదే. రెండింటికీ తేలిక మందు, కొలిచేటప్పుడు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం. గంటల తరబడి పని ఉంటే 600 ఓంల, ఒకటికి ఒకటి ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెట్టండి. అయితే చవకరకం చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 50 హెర్ట్జ్ కింద చతికిలబడతాయి. మీరు వెతుకుతున్న లోపం కూడా ఆ వైపే ఉంది కాబట్టి ఈ పనికి బ్యాటరీయే మేలు.

ఒక మినహాయింపు మాత్రం మరిచిపోవద్దు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా కరెంటు మీద నడిచే పాత రేడియోలు కొన్ని ఉంటాయి, వాటి షాసీకే మెయిన్స్ తగిలి ఉంటుంది. మీ మీడియం వేవ్ రేడియో ఆ రకమైతే, మెయిన్స్‌కు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దానికి ల్యాప్‌టాప్‌ను గానీ స్కోపును గానీ తగిలించవద్దు.

ఇక నా కథ. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ సాకెట్‌కు సంకేతం ఇవ్వడం భయం లేని పని. కానీ లోపం వెతికేటప్పుడు ఎవరూ ఇన్‌పుట్ దగ్గర ఆగరు, ఒక్కో దశకూ విడిగా సంకేతం ఇస్తూ లోపలికి వెళతారు. నేను అలా వెళుతూ, గ్రిడ్ (వాల్వులోకి సంకేతం వెళ్ళే పిన్ను) అనుకుని పక్కనే ఉన్న ప్లేటు (వాల్వు నుంచి సంకేతం వచ్చే) పిన్నుకు క్లిప్పు పెట్టాను. అక్కడ 200 ఓల్టులకు పైగా డీసీ ఉంది. టిక్కుమని ఒక చిన్న చప్పుడు మాత్రమే వినబడింది, పొగ కూడా రాలేదు. ఆ రోజు నుంచి ఆ ల్యాప్‌టాప్ ఆ సాకెట్ ద్వారా ఇంకొక్క పాట పాడలేదు, కొన్నాళ్ళకు బోర్డు కూడా పోయింది.

అప్పటి నుంచి ఒక చిన్న అగ్గిపెట్టెలో పట్టేంత రక్షణ సర్క్యూట్ లేకుండా నేను వాల్వుల దగ్గరికి వెళ్ళను. కార్డు వైపు నుంచి 1 కిలోఓం రెసిస్టర్. దాని తరువాత, ఎదురెదురుగా వరసలో కలిపిన రెండు 4.7 ఓల్టుల జీనరు డయోడ్లు ఎర్త్‌కు, అక్కడి నుంచి ఇంకో 1 కిలోఓం రెసిస్టర్, చివర 0.1 మైక్రోఫారడ్, 630 ఓల్టుల ఫిల్మ్ కెపాసిటర్. దాని కొసకు క్లిప్పు. పొరపాటున ప్లేటుకు తగిలినా డీసీని కెపాసిటర్ ఆపుతుంది, ఆ క్షణంలో వచ్చే దెబ్బను జీనర్లు ఐదారు ఓల్టుల దగ్గర పట్టేస్తాయి. ఇవన్నీ కలిపినా రిచీ స్ట్రీట్‌లో కాఫీ ఖర్చుకు మించదు. వీలైతే ల్యాప్‌టాప్ సాకెట్‌ను కాకుండా విడిగా ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడండి. పోతే అదొక్కటే పోతుంది.

కొలతల గురించి కూడా ఒక మాట. కార్డు ఎన్ని ఓల్టులు ఇస్తోందో చూడటానికి అందరి దగ్గరా ఉండే చవక పసుపు రంగు మల్టీమీటరు పనికిరాదు, ఎందుకంటే అందులో ఏసీకి 200, 750 ఓల్టుల రేంజీలే ఉంటాయి. ఒక ఓల్టు సంకేతం దానికి ఆనదు. కాస్త మంచి మీటర్లు కూడా చాలావరకు కొన్ని వందల హెర్ట్జ్ దాటితే తక్కువ చూపడం మొదలుపెడతాయి. 100 హెర్ట్జ్ సైన్ వేవ్ పెట్టి అక్కడ ఓల్టేజీ చూసుకుని, మిగతా ఫ్రీక్వెన్సీల దగ్గర స్కోపునే నమ్మండి. అన్నిటికన్నా ముందు నోటిఫికేషన్ల చప్పుళ్ళన్నీ కట్టేయండి. పది వాట్ల యాంప్లిఫయర్ గుండా వాట్సాప్ టింగుమంటే గుండె ఆగినంత పని అవుతుంది.

పెరంబూరు వాల్వు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి యాంప్లిఫయర్‌ను పక్కకు జరిపి, తీగను నేరుగా స్కోపుకు తగిలించాను. అలలు అక్కడే ఉన్నాయి, అంచుకు ముందు మూడు నాలుగు, తరువాత మూడు నాలుగు, అద్దంలో చూసినట్టు రెండు వైపులా ఒకేలా. నిజం చెప్పాలంటే, మొదటి రోజు కూడా అంచుకు ముందున్నవి నా కంట పడ్డాయి. స్కోపు చవకది కాబట్టి అదేదో దాని గోల అనుకున్నాను. 48,000 రేటు, 0.5 అమ్‌ప్లిట్యూడ్ పెట్టగానే వణుకు పూర్తిగా పోయింది. 96,000లో అలలు సన్నబడి అంచుకు అతుక్కున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించే ఆలోచన మానుకున్నాను.

వాలు సంగతి: నేరుగా చూసినప్పుడు పైభాగం చదునుగానే ఉంది. యాంప్లిఫయర్ తరువాత మాత్రం సున్నా గీత నుంచి లెక్కపెడితే ఎడమ అంచు దగ్గర నాలుగు గడులు, కుడి అంచు చేరేసరికి రెండున్నర గడుల కన్నా కొంచెం ఎక్కువ ఉన్నాయి. అంటే సుమారు 35 శాతం దిగింది.

సైన్‌వేవ్

అయితే లోపం దొరికినట్టే. ఆ పడిపోవడం ఒకే ఒక్క కెపాసిటర్, రెసిస్టర్ జత వల్ల జరుగుతోందనుకుని లెక్క వేస్తే, 35 శాతం వాలుకు మీ యాంప్లిఫయర్ దిగువ హద్దు సుమారు 140 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఆ జాతి యాంప్లిఫయర్‌కు అది ఇరవై ముప్పై హెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది.

ఇప్పుడు స్క్వేర్ వేవ్ వదిలేసి సైన్ వేవ్ పట్టుకోండి. సౌండ్ కార్డు నిజమైన బలం అక్కడే ఉంది. 100 హెర్ట్జ్ సైన్ వేవ్ ఇచ్చి, ప్రతి కప్లింగ్ కెపాసిటర్‌కూ (ఒక దశ నుంచి తరువాతి దశకు సంకేతాన్ని దాటించేది) ముందు వైపు ఎంత, వెనుక వైపు ఎంత అని రెండేసి కొలతలు తీసుకోండి. బాగున్న కెపాసిటర్ అయితే రెండు వైపులా దాదాపు ఒకటే ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్న యాంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ దగ్గర కొలిచే హద్దు, లోపల తప్పు చేస్తున్న కెపాసిటర్ హద్దు కన్నా తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే పోయినదాన్ని ఫీడ్‌బ్యాక్ కొంతవరకు పూడుస్తుంది. కాబట్టి అవుట్‌పుట్ అంకెను కాకుండా కెపాసిటర్ రెండు వైపుల నిష్పత్తినే చూడండి. స్కోపు ప్రోబు పదో వంతు రేంజీలోనే ఉండాలి, మీ చేతి స్కోపు ఎంత ఓల్టేజీ తట్టుకుంటుందో కూడా ముందే చూసుకోండి. లోడ్ రెసిస్టర్ తీసేసి వాల్వు యాంప్లిఫయర్‌కు ఎప్పుడూ సంకేతం ఇవ్వవద్దు, అలా చేస్తే బాగున్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా లోపల నిప్పురవ్వలు లేచి చెడుతుంది.

కార్డు నుంచి చాలా చిన్న సంకేతం కావలసి వస్తే సాఫ్ట్‌వేర్‌లో తగ్గించకుండా బయట రెసిస్టర్లతో తగ్గించండి. 16 బిట్ల కార్డులో ప్రతి 6 డెసిబెళ్ళ తగ్గింపుకూ ఒక బిట్టు పోతుంది, 40 డెసిబెళ్ళు తగ్గిస్తే ఆరుకు పైగా బిట్లు పోయినట్టే. అదే 10 కిలోఓంలు వరసలో, 100 ఓంలు ఎర్త్‌కు పెడితే సంకేతం నూటొకటో వంతు అవుతుంది, దానితో పాటు కార్డు గుసగుస కూడా నూటొకటో వంతు అవుతుంది.

అన్నానగర్ హామ్

రేడియో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను ఇస్తాను. 455 కిలోహెర్ట్జ్ సౌండ్ కార్డు వల్ల కాదు. 192 కిలోహెర్ట్జ్ రేటున్న కార్డు కూడా 96 కిలోహెర్ట్జ్ దాటలేదు. దానికి ఏడీ9833 అనే, తరంగాలు పుట్టించే చిప్పు ఉన్న చిన్న మాడ్యూల్ కొనండి. 25 మెగాహెర్ట్జ్ క్లాకుతో, పదో వంతు హెర్ట్జ్ మెట్లలో ఫ్రీక్వెన్సీని ఎంచుకోవచ్చు. దాన్ని నడపడానికి ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి ఉంటే చాలు. అలా అని దాన్ని కొన్నాక సౌండ్ కార్డును పారేయాల్సిన పని లేదు. ఆ మాడ్యూల్‌లో పది బిట్ల డీఏసీయే (అంకెలను ఓల్టేజీగా మార్చే భాగం) ఉంటుంది కాబట్టి ఆడియోలో శుద్ధమైన సైన్ వేవ్ కావాలంటే మామూలు సౌండ్ కార్డే దాన్ని తేలిగ్గా మించిపోతుంది.

పైన సౌండ్ కార్డుకు కాస్త చెడ్డపేరు వచ్చినట్టు అనిపించి ఈ మాట రాస్తున్నాను. 1939లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ తొలి సరుకుగా అమ్మింది ఆడియో ఆసిలేటర్‌నే. ఎత్తు నిలకడగా ఉండటానికి అందులో ఒక చిన్న బల్బు ఫిలమెంటును వాడారు, అప్పట్లో అది గొప్ప ఉపాయం. ఆ రకం ఆసిలేటర్లలో డయలు తిప్పి ఫ్రీక్వెన్సీ పెట్టాలి, డయలు మీద 1000 అని ఉన్నచోట 980 రావచ్చు, 1020 రావచ్చు. సౌండ్ కార్డులో ఫ్రీక్వెన్సీ క్వార్ట్జ్ క్రిస్టల్ నుంచి వస్తుంది. క్రిస్టల్ పది లక్షలకు 50 వంతులు తప్పినా 1000 హెర్ట్జ్‌లో తేడా 0.05 హెర్ట్జ్ మాత్రమే. పైగా ఒకేసారి రెండు ఛానళ్ళు ఉన్నాయి. ఎడమ దానికీ కుడి దానికీ 90 డిగ్రీల తేడా పెట్టి స్కోపులో ఎక్స్‌వై పద్ధతిలో చూస్తే గుండ్రటి చక్రం వస్తుంది. రెండు ఛానళ్ళనూ కలిపి 19, 20 కిలోహెర్ట్జ్ సమానంగా ఇచ్చి, యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో 1 కిలోహెర్ట్జ్ ఎంత పుట్టిందో చూస్తే ఇంటర్‌మాడ్యులేషన్ వంకర (రెండు స్వరాలు కలిసి లేని స్వరాన్ని పుట్టించడం) తెలిసిపోతుంది. మా హామ్ రేడియో వాళ్ళం ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) ట్రాన్స్‌మిటర్లకు 700, 1900 హెర్ట్జ్ జంటను ఇలాగే ల్యాప్‌టాప్ నుంచి ఇస్తాము.

నిటారు అంచులున్న స్క్వేర్ వేవ్ కావాలన్నా కార్డునే వాడుకోవచ్చు, కాకపోతే అంచును దానితో గీయించకూడదు. కార్డు నుంచి సైన్ వేవ్ తీసుకుని 74హెచ్‌సీ14 ష్మిట్ ట్రిగర్ ఐసీకి (ఇన్‌పుట్ హద్దు దాటగానే అవుట్‌పుట్‌ను చటుక్కున మార్చే చిప్పు) ఇవ్వండి. ఇన్‌పుట్‌ను రెండు 100 కిలోఓం రెసిస్టర్లతో సప్లైలో సగం దగ్గర నిలబెట్టి, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా సంకేతం ఇస్తే సరిపోతుంది. మూడు పెన్సిల్ సెల్లుల 4.5 ఓల్టులు దానికి చాలు. ఫ్రీక్వెన్సీ కార్డుది, అంచు ఐసీది. గిబ్స్ అలలు ఉండవు. అప్పుడు కూడా యాంప్లిఫయర్ తరువాత అలలు కనిపిస్తే అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుమానించవచ్చు.

పెరంబూరు వాల్వు

దొరికింది. రక్షణ సర్క్యూట్ కట్టుకున్నాకే లోపలికి చేయి పెట్టాను. 100 హెర్ట్జ్ సైన్ వేవ్ ఇచ్చి చూస్తే, ఈసీసీ83 నుంచి ఈఎల్84 గ్రిడ్‌కు వెళ్ళే కెపాసిటర్‌కు ముందు వైపు 6 ఓల్టులు, గ్రిడ్ వైపు 1.7 ఓల్టులు ఉన్నాయి. రెండో ఈఎల్84 దగ్గర కూడా అంతే. రెండు చోట్లా ఒకే లోపం ఎలా వచ్చిందా అని టార్చి వేసి చూశాను. అన్నీ పాత గోధుమరంగు కెపాసిటర్లు, ఆ రెండు మాత్రం కొత్తవి. ఎప్పుడో ఎవరో రిపేరు చేసినప్పుడు వేసిన సిరామిక్ బిళ్ళలు, వాటి మీద 102 అని ఉంది. ఉండాల్సినది 104. అంటే 0.1 మైక్రోఫారడ్ ఉండాల్సిన చోట అందులో నూరో వంతు ఉంది. గ్రిడ్ రెసిస్టర్ 470 కిలోఓంలు కాబట్టి ఆ జత హద్దు 340 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మేనమామ చివరి రోజుల్లో ఈ పెట్టెలో జీవం లేదని ఎందుకు అనేవారో ఇప్పుడు అర్థమైంది.

0.1 మైక్రోఫారడ్, 630 ఓల్టుల ఫిల్మ్ కెపాసిటర్లు ఇంట్లో ఒక్కటే మిగిలింది, రెండోది రక్షణ సర్క్యూట్‌లోకి వెళ్ళిపోయింది. సోమవారం సాయంత్రం రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి ఇంకొకటి తెచ్చాక, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా కొలతలు తీసి ఇక్కడ పెడతాను.

కాలిన సాకెట్

రెండు తెచ్చుకోండి. ఇంట్లో ఉన్నది ఎన్నాళ్ళ నాటిదో తెలియదు కదా, పుష్‌పుల్‌లో రెండు వైపులా ఒకే రకం ఉండటం మంచిది. సిరామిక్ బిళ్ళలు తీసేటప్పుడు పవర్ సప్లై కెపాసిటర్లను 10 కిలోఓం, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరులో సున్నా చూశాకే సోల్డరింగ్ ఐరన్ తీయండి.